నీట్‌లో రాని ప్రశ్న

పోయిన నెల మా మేనకోడలు ఔటింగ్‌కి ఇంటికొచ్చింది. విజయవాడ చుట్టుపక్కల ఉన్న రెసిడెన్షియల్ కాలేజీల్లో ఒకదాంట్లో సీనియర్ ఇంటర్, బైపీసీ. నెలకో ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వదులుతారు, సాయంత్రం ఆరుకల్లా గేటు దగ్గరుండాలి. ఆ తొమ్మిది గంటల్లో నెల్లాళ్ల తిండీ పెట్టేయాలని మా అక్క తాపత్రయం. గోంగూర, చేపల పులుసు, పైన గడ్డపెరుగు. ఈ పిల్ల కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూ నన్నడిగింది.

"మామయ్యా, మనిషికి జీన్లు ఇరవై వేలేగా. యాంటీబాడీలేమో కోట్ల రకాలంటారు. ప్రోటీన్ తయారవ్వాలంటే దానికో జీన్ ఉండాలి కదా. మరెలా సరిపోతున్నాయి?"

"మీ సార్‌ని అడక్కపోయావా?"

"అడిగా. నీట్‌లో రాదు, కూర్చో అన్నారు."

ఆ సార్ మీద నాకు కోపం రాలేదు. రెండు పీరియడ్లలో చాప్టర్ అవగొట్టి మూడో పీరియడ్‌లో బిట్లు చేయించాల్సిన మనిషి ఆయన. కానీ ఆ ప్రశ్న దగ్గర శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలు ఆగిపోయారు. దానికి జవాబు కనిపెట్టిన ఒకే ఒక్కడికి 1987లో వైద్యంలో నోబెల్ మొత్తం ఇచ్చేశారు, పక్కన ఇంకెవరికీ వాటా లేకుండా. పదిహేడేళ్ల పిల్ల తనంతట తాను అక్కడికి వస్తే, కూర్చో అన్నాం.

నేను సూర్యారావుపేటలో చిన్న ల్యాబ్ నడుపుతాను. ముప్పై ఏళ్లుగా రోజూ స్లైడ్లు చూడటమే పని. డిఫరెన్షియల్ కౌంట్‌లో వంద తెల్లకణాలు లెక్కపెడితే ఇరవయ్యో ముప్పయ్యో లింఫోసైట్లు తగులుతాయి. ముదురు ఊదారంగు గుండ్రటి కేంద్రకం, చుట్టూ సన్నటి నీలం అంచు. ఒకదానికీ ఇంకోదానికీ తేడా కనిపించదు. అసలు తేడా లోపలుంది. ఒక్కో బి లింఫోసైట్ ఒక్కో రకం యాంటీబాడీ మాత్రమే చేయగలదు, పక్కనున్న కణం చేసేది వేరు. ఈ సంగతి తెలిసి కూడా నేను వాటిని లెక్కపెట్టి, శాతం రాసి, సంతకం పెట్టి పంపేస్తాను. రిపోర్టు తీసుకునేవాళ్లు అడిగేది ఒక్కటే: "ఇమ్యూనిటీ పెరగాలంటే ఏం తినాలండీ?" ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్ల మట్టం అడిగినట్టు. కోవిడ్ తర్వాత ఆ మాట మీద ఎన్ని పొడులు, ఎన్ని కషాయాలు అమ్ముడుపోయాయో మన బీసెంట్ రోడ్డు షాపులకే తెలియాలి. అది వేరే కథ, ఇప్పుడు వద్దు.

ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పేస్తాను. ఆ పిల్ల అడిగింది పుస్తకంలో బయాలజీ ప్రశ్నలా ఉంటుంది గానీ దాని నడుము లెక్కల్లో ఉంది. పర్ముటేషన్లు, కాంబినేషన్లు, ప్రాబబిలిటీ. ఇంటర్‌లో ఇవి ఎంపీసీ వాళ్ల లెక్కల్లో ఉన్నాయి, పాత సిలబస్‌లో అయితే లెక్కలు 2ఏ పుస్తకంలో. యాంటీబాడీ బైపీసీ వాళ్ల బయాలజీలో ఉంది. రెండూ ఒకే కాలేజీలో, ఒకే బిల్డింగ్‌లో, ఒక్కోసారి పక్కపక్క సెక్షన్లలో. మధ్యలో గోడ. ఆ గోడ కట్టడంలో మన ఊరిని మించిన ఊరు లేదు.

ఇక జవాబు కథకి వస్తాను.

యాంటీబాడీ గురించి నీట్ పిల్లలకి వచ్చింది హెచ్2ఎల్2: రెండు బరువు గొలుసులు, రెండు తేలిక గొలుసులు. 1965 నాటికి తేలిక గొలుసుల వరస, అంటే వాటిలో అమైనో ఆమ్లాల క్రమం, చదవగలిగారు. మైలోమా (యాంటీబాడీ చేసే కణాలకొచ్చే క్యాన్సర్) రోగుల మూత్రంలో అవి దండిగా దొరుకుతాయి. పాత పద్ధతిలో మేమూ చూసేవాళ్లం: మూత్రం వేడి చేస్తుంటే అరవై డిగ్రీల దగ్గర తెల్లగా విరుగుతుంది, మరిగే సమయానికి మళ్లీ కరుగుతుంది. బెన్స్ జోన్స్ ప్రోటీన్ అంటారు. ఇద్దరు రోగుల తేలిక గొలుసులు పక్కన పెట్టి చూస్తే సగం వరస రెండింట్లో ఒకటే, మిగతా సగం దేనికది వేరు. సగం మారకుండా, సగం కోట్ల రకాలుగా మారే ప్రోటీన్‌కి జీన్ ఎలా ఉంటుంది? డ్రేయర్, బెన్నెట్ అనే ఇద్దరు అదే ఏడాది ఒక మాట అన్నారు: అది ఒక జీన్ కాదు, రెండు ముక్కలు, కణం వాటిని డీఎన్‌ఏ స్థాయిలోనే కలుపుతోంది. చాలామంది నమ్మలేదు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన డీఎన్‌ఏ ఒంట్లో ప్రతి కణంలోనూ అలాగే ఉంటుందనేది అప్పటికి రాతిమీద గీత.

దాన్ని చెరిపినవాడు సుసుము టోనెగావా. 1939లో జపాన్‌లోని నగోయాలో పుట్టాడు. క్యోటో యూనివర్సిటీలో చదివింది కెమిస్ట్రీ. అమెరికా వెళ్లి శాన్ డియాగోలో మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ చేశాడు. ఆ తర్వాత సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో రెనాటో డుల్బెకో దగ్గర వైరస్‌ల మీద పని. ఇమ్యునాలజీతో సంబంధమే లేదు. ఇంతలో 1970 ఆఖరుకి వీసా అయిపోవచ్చింది. దేశం వదిలి వెళ్లాలి. (మన ఊళ్లో వీధికి నలుగురు తల్లిదండ్రులకి ఈ టెన్షన్ వివరించి చెప్పక్కర్లేదు.) స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో కొత్తగా ఇమ్యునాలజీ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు, అక్కడ చూసుకో అని డుల్బెకో ఉత్తరం రాశాడు. అలా 1971లో, తనకి తెలియని సబ్జెక్టు మనుషుల మధ్యకి వెళ్లి పడ్డాడు. చుట్టూ ఇమ్యునాలజిస్టులు యాంటీబాడీల వైవిధ్యం మీద వాదించుకుంటున్నారు. ఇతని చేతిలో వాళ్లకి లేని పనిముట్లున్నాయి: డీఎన్‌ఏని ఫలానా వరస ఉన్న చోటల్లా కోసే ఎంజైములు, ముక్కల్ని సైజువారీగా విడగొట్టే జెల్.

నొబుమిచి హోజుమితో కలిసి చేసిన ప్రయోగం 1976లో అచ్చయింది. మన నాగార్జున యూనివర్సిటీ పెట్టిన ఏడాదే. అక్కడే ఎమ్మెస్సీ చదివిన నాకు ఈ సంగతి ఆ రెండేళ్లలో ఎవరూ చెప్పలేదు.

ప్రయోగం వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఎలుక పిండం నుంచి డీఎన్‌ఏ తీశారు, అంటే ఇంకా యాంటీబాడీ చేయడం మొదలెట్టని కణాల నుంచి. ఎలుక మైలోమా గడ్డ నుంచి ఇంకో డీఎన్‌ఏ, అంటే ఒకే రకం యాంటీబాడీని ఆపకుండా చేసే కణాల నుంచి. రెండింటినీ ఒకే ఎంజైముతో కోసి, ముక్కల్ని విడగొట్టి, మారే భాగం ఏ ముక్కలో ఉంది, మారని భాగం ఏ ముక్కలో ఉంది అని వెతికారు. పిండంలో రెండూ వేరువేరు ముక్కల్లో దొరికాయి: మారని భాగం 60 లక్షల డాల్టన్ల (అణువుల బరువు కొలిచే యూనిట్) ముక్కలో, మారే భాగం 39 లక్షల ముక్కలో. మైలోమాలో రెండూ కలిసి 24 లక్షల డాల్టన్ల ఒకే ముక్కలో. దూరంగా ఉన్నవి పక్కకొచ్చాయి. కణం తన డీఎన్‌ఏని తానే కోసి అతికించుకుంది.

అన్నం తింటున్న మా బావ ఇక్కడ తలెత్తాడు. ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్డు ఆయనది. చదువు పదితో ఆపేశాడు.

"అంటే ఛాసిస్ ఒకటే, బాడీ వేరు. అంతేగా?"

"దాదాపు అంతే బావా. కాకపోతే మీరు ఛాసిస్ వచ్చాక దాని మీద బాడీ కడతారు. ఇక్కడ కోసేది డ్రాయింగ్‌ని. ఒరిజినల్ డ్రాయింగ్. రెండు గీతల మధ్య ఉన్న కాగితాన్ని చించి పారేసి, అంచులు అతికిస్తుంది. మళ్లీ కావాలంటే ఆ కణం దగ్గర జిరాక్స్ ఉండదు."

ఎన్ని రకాల డ్రాయింగులొస్తాయో లెక్క వేద్దామన్నాను. మనిషిలో బరువు గొలుసుకి మూడు వరసల ముక్కలున్నాయి: పనిచేసే వి ముక్కలు సుమారు 40, డి ముక్కలు 23 దాకా, జె ముక్కలు 6. ఒక్కో వరస నుంచి ఒక్కోటి. బావ ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీశాడు. 5,520. తేలిక గొలుసులు రెండు రకాలు: ఒకదానికి సుమారు 40 వి, 5 జె, రెండోదానికి సుమారు 30 వి, 4 జె. 200, 120. ఈ రెండూ కలపాలా, గుణించాలా? మా మేనకోడలు ఆగింది. బావ ఆగలేదు. "ఒక బండికి ఇదో అదో ఒకటే పెడతాం. రెండూ పెట్టం కదా. కూడాలి." 320. దాన్ని 5,520తో గుణిస్తే 17,66,400.

నీట్ మాక్ టెస్టులో 600 దాటే పిల్ల ఆగిన చోట షెడ్డు మనిషి ఆగలేదంటే ఆ పిల్లకి బుర్ర తక్కువని కాదు. పదిహేనేళ్ల వయసు నుంచి ఆ కండరాన్ని ఎవరూ కదపనివ్వలేదు. "లెక్కలు నీకెందుకమ్మా, బైపీసీ కదా" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

17 లక్షల దగ్గర కథ అయిపోదు. ముక్కలు అతికే చోట అంచుల్లో కొన్ని డీఎన్‌ఏ అక్షరాలు రాలిపోతాయి. టీడీటీ అనే ఎంజైమ్ వచ్చి అక్కడ తనకి తోచిన అక్షరాలు చేరుస్తుంది. చూసి రాయడానికి నమూనా ఏమీ ఉండదు, నిజంగానే తోచినవి. దాంతో రకాల సంఖ్య ఎక్కడికో పోతుంది. ఒంట్లో ఉన్న బి కణాల సంఖ్యే ఇక హద్దు. రేపు ఏ గబ్బిలం నుంచి ఏ వైరస్ వస్తుందో తెలియని శరీరం, రాబోయే శత్రువు ముఖం చూడకుండానే తాళాలన్నిటికీ తాళంచెవులు ముందే అడ్డదిడ్డంగా చేసి పెట్టుకుంటుంది. వచ్చినదానికి సరిపోయిన కణం పెరుగుతుంది. సరిపోనిది ఏమీ చేయకుండానే చచ్చిపోతుంది.

అసలు నష్టం అంతకు ముందే జరుగుతుంది. డీఎన్‌ఏని మూడేసి అక్షరాలుగా చదువుతారు కదా. అతుకు దగ్గర అక్షరాలు ఇష్టమొచ్చినట్టు పెరిగి తగ్గితే, మూడు సార్లలో రెండు సార్లు ఆ తర్వాతి వరసంతా తప్పిపోతుంది. కణానికి ఇంకో క్రోమోజోము మీద రెండో అవకాశం ఉంది. "అయితే పాసయ్యే ఛాన్సెంత?" అన్నాను మా మేనకోడలితో. ఈసారి తనే కాగితం తీసుకుంది. మొదటిసారి 1/3. తప్పితే 2/3, అందులో మళ్లీ 1/3, అంటే 2/9. మొత్తం 5/9. బరువు గొలుసు దగ్గరే తొమ్మిదింట నాలుగు కణాలు పోతాయి, ఇది కూడా మిగతా అడ్డంకులు పక్కనపెట్టి వేసిన ముతక లెక్క. ఆ పిల్ల ముఖం చూడాల్సింది. కణాలు చచ్చిపోతున్నందుకు బాధ ఏమీ లేదు. లెక్క తేలినందుకు సంబరం.

బావ మాత్రం ఇంకా వెల్డింగ్ దగ్గరే ఉన్నాడు. "కోసి అతికిన చోటు ఎప్పుడూ వీకే. నాలుగు బండ్లు ఒకే షెడ్డులో పెట్టి కోస్తుంటే ఒకదాని ముక్క ఇంకోదానికి పడదా?"

పడుతుంది. ఇంత సూటిగా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. బరువు గొలుసు జీన్లు 14వ క్రోమోజోము మీదున్నాయి. ఫాలిక్యులర్ లింఫోమా అనే క్యాన్సర్‌లో 18వ క్రోమోజోము ముక్క తెగి 14 మీద అతుక్కుంటుంది. ఆ అతుకు చాలావరకు ఈ కోతల్లో జరిగిన పొరపాటే. బర్కిట్ లింఫోమాలో 8వ దాని ముక్క 14కి అతుకుతుంది. ఆ తెగడంలో ఎక్కువగా చేయి వేసేది బి కణంలోనే ఉండే ఎయిడ్ అనే ఇంకో ఎంజైమ్. యాంటీబాడీ తయారయ్యాక దాన్ని ఇంకా సాన పట్టడం దాని అసలు పని. అంటే జ్వరాల నుంచి మనల్ని కాపాడే పనిముట్లే అప్పుడప్పుడు చేయి జారి క్యాన్సర్ చేస్తాయి. ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిదనేవాళ్లకి ఇది వినపడాలి.

కోసేది ఎవరన్నది తేలడానికి 1976 తర్వాత ఇంకో 13 ఏళ్లు పట్టింది. డేవిడ్ బాల్టిమోర్ ల్యాబ్‌లో డేవిడ్ షాట్జ్, మార్జరీ ఓటింగర్ పట్టుకున్నారు. ఈ కోత పని జన్మలో చేయని ఫైబ్రోబ్లాస్ట్ కణాలు తీసుకున్నారు. వాటిలో ఒక ఉచ్చు పెట్టారు: ఒక డీఎన్‌ఏ ముక్కని కోసి సరిగ్గా తిప్పి అతికిస్తేనే ఆ కణం మందుకి తట్టుకుని బతుకుతుంది. తర్వాత బయటి డీఎన్‌ఏ ఎక్కించి, ఎవరు బతికారో చూశారు. అలా దొరికిన జీన్‌కి ర్యాగ్-1 అని పేరు పెట్టి 1989లో ప్రకటించారు. కానీ ఆ ఒక్క జీన్‌నే వేరు చేసి పెడితే పని నామమాత్రంగా జరిగింది. మొత్తం డీఎన్‌ఏతో జరిగింది, విడిగా జరగదు! వెతికితే పక్కింట్లోనే ర్యాగ్-2 ఉంది, 1990లో బయటపడింది. రెండూ కలిస్తేనే కత్తెర. ఆ రెండు జీన్లు వేరువేరు క్రోమోజోముల మీద ఉండుంటే ఆ ఉచ్చులో ఏదీ పడేది కాదు. అదృష్టమే. కాకపోతే ఉచ్చు పన్ని కూర్చున్నవాడికి కలిసొచ్చిన అదృష్టం.

అంత పక్కపక్కన ఎందుకున్నాయన్నది షాట్జ్‌ని వదల్లేదు. యేల్‌లో సొంత ల్యాబ్ పెట్టుకుని ఆ కత్తెర మీదే ఉండిపోయాడు. 1998లో తేలింది: ర్యాగ్ ప్రోటీన్లు పరీక్షనాళికలో డీఎన్‌ఏ ముక్కని ఒక చోట కోసి ఇంకో చోట దూర్చగలవు. గెంతే జీన్లు చేసే పనే అది. అంటే సుమారు 50 కోట్ల ఏళ్ల కింద దవడలున్న జంతువుల పూర్వీకుల్లో దూరిన ఒక పరాన్న జీన్‌ని మన ఒళ్లు లొంగదీసుకుని పనిలో పెట్టుకుందన్నమాట. 2016లో చైనా శాస్త్రవేత్తలతో కలిసి, లాన్స్‌లెట్ అనే వెన్నెముక లేని చిన్న సముద్రజీవిలో ఇప్పటికీ అలా గెంతే ర్యాగ్ చుట్టాన్ని చూపించారు. షార్క్‌లో ఉన్నది, మా ల్యాబ్‌కి రక్తం ఇచ్చే గుంటూరు మిర్చి యార్డు మనిషిలో ఉన్నది ఒకే కత్తెర.

టోనెగావా మాత్రం నోబెల్ తర్వాత ఇమ్యునాలజీ వదిలేసి, జ్ఞాపకాలు మెదడులో ఎక్కడుంటాయని వెతకడానికి వెళ్లిపోయాడు. అక్కడా గట్టి పనే చేశాడు. ఇద్దరిలో నాకు నచ్చేది షాట్జ్ దారి. బహుశా ముప్పై ఏళ్లు ఒకే మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాడి పక్షపాతం అనుకోండి.

"ఇదంతా సరే, దీనివల్ల ఉపయోగం?" అంది మా అక్క, పెరుగు వడ్డిస్తూ. ఉపయోగం మా ల్యాబ్ డ్రాయర్లో ఉంది. నెలకి ఒకటి రెండు శాంపిళ్లు సీరం ఎలక్ట్రోఫోరెసిస్‌కి, అంటే రక్తంలో ప్రోటీన్లని విడగొట్టి గ్రాఫు గీసే పరీక్షకి వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి గ్రాఫులో గామా భాగం ఇంద్రకీలాద్రి వాలులా వెడల్పుగా, మెల్లగా లేచి దిగుతుంది. ఎందుకంటే అందులో లక్షల రకాల యాంటీబాడీలు కలిసున్నాయి. మైలోమా ఉంటే అదే చోట ధ్వజస్తంభం లేచినట్టు సన్నటి నిలువు గీత. ఎం బ్యాండ్. ఒకే కణం సంతతి, ఒకే అతుకు, ఒకే యాంటీబాడీ. ప్రోటీన్ మొత్తం చూస్తే ఎక్కువే, "ఇమ్యూనిటీ" పెరిగినట్టే! మనిషి మాత్రం మామూలు న్యుమోనియాకి పడిపోతాడు. లింఫోమా అనుమానమున్న శాంపిల్‌ని పెద్ద ల్యాబ్‌కి పంపితే వాళ్లు చూసేది కూడా ఈ అతుకునే: కణాలన్నిట్లో ఒకే అతుకు ఉంటే క్యాన్సర్ వైపు, రకరకాలుగా ఉంటే మామూలు వాపు వైపు. బాజెల్‌లో అడిగిన ప్రశ్నే, సూర్యారావుపేట కొరియర్ కవర్లో.

ఇప్పుడు గోడ సంగతి. బావ అభ్యంతరం న్యాయమైనదే, దాచను. "రెండు పడవల మీద కాలేస్తే ఎంబీబీఎస్ సీటు నువ్విస్తావా? ఆ పిల్ల పొద్దున ఐదింటికి లేచి రాత్రి పదకొండు దాకా చదువుతోంది. ఇంకో సబ్జెక్టా?" అన్నాడు. సీటొస్తే ఒక కుటుంబం తలరాత మారుతుంది; రాకపోతే లాంగ్ టర్మ్, మళ్లీ లాంగ్ టర్మ్. నేనూ ఆ దారిలో ఒక ఏడాది పోగొట్టుకుని ల్యాబ్‌లో తేలినవాణ్నే. ఇంటర్ బోర్డు ఈమధ్య లెక్కలూ బయాలజీ కలిపి చదువుకోవచ్చని దారి తెరిచింది. మా మేనకోడలి కాలేజీలో దాని ఊసెత్తిన పిల్లని నేనింకా చూడలేదు. ర్యాంకుకి పనికిరాని దారిలో మన దగ్గర ఎవరూ నడవరు.

అయినా నేను తగ్గను. నేనడిగేది ఇంకో సబ్జెక్టు కాదు, ఇంకో పరీక్ష అంతకంటే కాదు. యాంటీబాడీ పాఠం చెప్పే రోజున ఒక్క పీరియడ్ పక్క సెక్షన్ లెక్కల మాస్టారు బైపీసీ క్లాసుకి రావాలి. ఎంపీసీ వాళ్లకి కాంబినేషన్లు చెప్పేటప్పుడు సంచిలో ఎర్రబంతులు, నల్లబంతులు పక్కన పెట్టి వి, డి, జె ముక్కలు ఇవ్వాలి. ఇప్పుడు ఒక్క రక్తం శాంపిల్ నుంచి లక్షల యాంటీబాడీ వరసలు చదివేస్తున్నారు. వాటి మీద కూర్చుని ప్రాబబిలిటీ లెక్కలు వేసేవాళ్లు కావాలి. కోడింగ్ కోసం మన దగ్గర నుంచి బస్సులకి బస్సులు వెళ్తున్న ఎంపీసీ పిల్లల్లో ఎంతమందికి తమ రక్తంలో ఈ లెక్క నడుస్తోందని తెలుసు? టోనెగావాని బాజెల్‌కి తోసింది వీసా. మన పిల్లల్ని గోడ దాటించడానికి అలాంటి ప్రమాదం జరగాలని ఎదురుచూడలేం కదా.

బావ ఒప్పుకోలేదు. "ముందు సీటు రానీ, తర్వాత చూద్దాం" అన్నాడు. చేయి కడుక్కుని వచ్చి మళ్లీ, "ఆ కత్తెరకి ఎక్కడ కోయాలో ఎలా తెలుస్తుందిరా?" అన్నాడు. ప్రతి ముక్క చివరా ఒక గుర్తు ఉంటుంది, నడుమ 12 అక్షరాల ఎడం ఉన్న గుర్తు 23 అక్షరాల ఎడం ఉన్నదానితోనే కలుస్తుంది, 12తో 12 కలవదు అని చెప్పాను. "నట్టూ బోల్టూ," అన్నాడు.

ఐదున్నరకి బయల్దేరాం. సంచిలో మా అక్క జంతికలు, సున్నుండలు, ఆవకాయ సీసా పెట్టింది. మా అబ్బాయి పాత లెక్కలు 2ఏ పుస్తకం ఇంట్లో అటక మీద ఉంటే ఆ పిల్ల తనే దించుకుని దుమ్ము దులిపి జంతికల కింద పెట్టుకుంది. గేటు దగ్గర వార్డెన్ సంచి విప్పి వెతికింది. వెతికేది ఫోన్ కోసం. పుస్తకం చేతికి తగిలితే బయటికి తీసి అట్ట చూసింది.

"ఇది ఎంపీసీ వాళ్లది కదమ్మా. మార్చి తెచ్చుకున్నావా?"